ఎవాన్స్ గాంబిట్‌లో నేనిచ్చిన బంటుని ఆ పిల్లాడు తిరిగిచ్చేశాడు, నా తప్పెక్కడ?

గుంటూరు గుమస్తా:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ మీరు రాసుకునేవి చదివి వెళ్లిపోవడమే తప్ప నేను రాసింది లేదు. పోయిన ఆదివారం బెజవాడలో తగిలిన దెబ్బ ఇంకా మింగుడుపడక రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిక చేసుకోండి.

నాకు నలభై ఏడేళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమస్తాని. ఆట మా పెదనాన్న దగ్గర నేర్చుకున్నా, తెనాలి దగ్గర మా ఊళ్లో, అరుగు మీద. ఆయన ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. అందుకే నాకు ఇప్పటికీ మంత్రి, ఒంటె, ఏనుగు అనే నోటికొస్తుంది. క్వీన్, బిషప్, రూక్ అంటే పక్కింటివాళ్లని పిలిచినట్టుంటుంది. ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) రూల్సు, రేటింగు, ఇవన్నీ నలభై దాటాక వంటబట్టాయి. రాపిడ్‌లో 1438. నవ్వకండి, అది కూడా రెండేళ్లు కష్టపడితే వచ్చింది.

తెల్లపావులొస్తే నేను ఎవాన్స్ గాంబిట్ తప్ప ఇంకోటి ఆడను. ఈ4, ఈ5, గుర్రం ఎఫ్3, గుర్రం సీ6, ఒంటె సీ4, ఒంటె సీ5, అప్పుడు నాలుగో ఎత్తులో బీ4 (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; పావు పేరు చెప్పకపోతే అది బంటు). బంటుని తీసుకెళ్లి ఎదుటివాడి ఒంటె నోట్లో పెట్టడమే. అది నాకెందుకంత ఇష్టమంటే, మా కొట్లో పని కూడా అదే. సాగు మొదలవగానే రైతుకి పెట్టుబడికి డబ్బులిస్తాం. పంట చేతికొచ్చాక ఆ టిక్కీలు (మిర్చి బస్తాలు) వేరే కొట్టుకి వెళ్లవు, మా కాటాకే వస్తాయి. బీ4 బంటు నా లెక్కలో అడ్వాన్సు. అది తిన్నవాడు నా కాటాకి రావాల్సిందే. ఈలోపు సీ3, డీ4 తోసి, నడిమధ్య రెండు బంట్లు పక్కపక్కన నిలబెట్టి, వాడి రాజు కోట కట్టుకునే లోపు ఆ రాజు పక్కనున్న ఎఫ్7 బంటు మీద పడతాను. నా స్థాయి ఆటగాళ్ల మీద పదిలో ఆరుసార్లు పనిచేస్తుంది.

యార్డుకి వేసవి సెలవులు కాబట్టి ఒకరోజు రాపిడ్ టోర్నమెంటుకి పేరిచ్చాను. పొద్దున ఆరున్నరకి గుంటూరులో నాన్‌స్టాప్ ఎక్కి, వారధి దాటి, ఎనిమిదికల్లా హాలుకి చేరుకున్నా. పదిహేను నిమిషాలు, ఎత్తుకి పది సెకన్ల ఇంక్రిమెంటు, ఏడు రౌండ్లు. ఎండలో బెజవాడ గురించి కొత్తగా చెప్పేదేముంది. నా బల్ల మీద ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి పక్క బల్లకి వెళ్తోంది. మధ్యాహ్నం రెండింటికి పెట్టాల్సిన పులిహోర మూడున్నరకి వచ్చింది. సరే, అది వదిలేయండి. నాలుగు రౌండ్లకి రెండున్నర పాయింట్లు, ఐదో రౌండులో తెల్లపావులు, ఎదురుగా పదేళ్ల పిల్లాడు.

కాళ్లు నేలకి ఆనడం లేదు వాడికి. పక్కన జంతికల పొట్లం. రేటింగ్ 1590 పైన. బీ4 ఆడగానే ఒక్కసారి తలెత్తి నా మొహంలోకి చూసి టక్కున తినేశాడు. సీ3 తోశాను, ఒంటె ఏ5కి వెళ్లింది. ఆరో ఎత్తులో కోట కట్టుకున్నా. వాడు డీ6. ఏడో ఎత్తులో డీ4 తోశాను. ఇక్కడ నేను మీసం మెలేసుకుంటూ కూర్చున్నా (మీసం నిజంగానే ఉంది), ఎందుకంటే నా మీద ఆడేవాళ్లందరూ ఇక్కడ ఈ5 బంటుతో డీ4ని కొడతారు, నేను సీ3తో తిరిగి కొట్టి నడిమధ్యలో జెండా పాతుతాను.

వీడు కొట్టలేదు. ఒంటెని ఏ5 నుంచి బీ6కి ఒక్క గడి వెనక్కి జరిపి, జంతిక తీసుకున్నాడు. ఆలోచించింది నాలుగు సెకన్లు కూడా ఉండదు.

నేను చూస్తే ఈ5 బంటు ఊరికే దొరుకుతోంది! డీ4తో ఈ5 కొట్టాను, వాడు డీ6తో తిరిగి కొట్టాడు. డీ గళ్ల వరస తెరుచుకుంది. మంత్రితో వాడి మంత్రిని కొట్టి చెక్ అన్నాను, సీ6 గుర్రం డీ8కి వచ్చి నా మంత్రిని తినేసింది. పదో ఎత్తులో నా గుర్రం ఈ5 బంటుని తింది. లెక్క చూసుకున్నా: చెరి ఆరు బంట్లు, నేనిచ్చిన అడ్వాన్సు అణాపైసలతో తిరిగొచ్చింది. లోపల సంతోషమేసింది కూడా. వాడు ఒంటెని ఈ6కి తెచ్చి నా సీ4 ఒంటెకి ఎదురు పెట్టాడు. అవి రెండూ మార్చుకున్నాం. నా గుర్రం సీ4కి వెళ్లి బీ6 ఒంటెని కదిలించింది, అది సీ5కి వచ్చింది, నేను ఒంటెని ఈ3కి తెచ్చాను, అవి కూడా మార్పిడి అయిపోయాయి.

అప్పుడు బోర్డు చూస్తే గుండె జారింది. నా ఏ2 బంటు ఒంటరి, సీ3 బంటు ఒంటరి, పక్కన చుట్టాల్లేరు. వాడి బంట్లు ఈ చివర మూడు, ఆ చివర మూడు, చేతులు పట్టుకుని నిలబడ్డట్టున్నాయి. వాడు మంత్రి వైపు కోట కట్టాడు, ఏనుగు డీ3 గడిలోకి దిగింది: అటు పక్క సీ3 బంటు, ఇటు పక్క ఈ3లో నా గుర్రం. నా రెండో గుర్రం బీ1లోనే ఉండి సీ3 బంటుకి కాపలా కాసింది. కాసి కాసి, ఆట అయ్యేదాకా పుట్టిన గడి దాటలేదు పాపం. అది కదిలితే బంటు పోతుంది, కదలకపోతే ఏ1 ఏనుగుకి దారి లేదు. ముప్పై నాలుగో ఎత్తులో సీ3 పోయింది, ఆ తర్వాత ఏ2. యాభై చిల్లర ఎత్తులకి చేతులెత్తేశాను. వాడు చెయ్యి కలిపి "థాంక్యూ అంకుల్" అని, మిగిలిన జంతిక ఒకటి నా చేతిలో పెట్టాడు. గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణ, హారిక పుట్టిన మా గుంటూరు పరువు అలా జంతికతో పోయింది.

నా ప్రశ్న ఇది. తొందరపడి పావు పారేసుకోలేదు, టైము తప్పలేదు, బంటుకి బంటు లెక్క సరిపోయింది. అయినా ఓడిపోయాను. నా తప్పు ఎక్కడ జరిగింది? ఎత్తులన్నీ ఇంటికొచ్చాక గుర్తుచేసుకుని మా కొట్టు కాటా చీటీల వెనక రాసిపెట్టాను, కావాలంటే మిగతావి కూడా చెప్తాను.

మొగల్రాజపురం మాస్టారు:

గుమస్తా గారూ, మిగతావి అక్కర్లేదండి. మీరు ఓడింది ముప్పై నాలుగో ఎత్తులో కాదు, తొమ్మిదో ఎత్తులో. బీజం పడింది ఆరో ఎత్తులో.

ఆ పిల్లాడు ఆడింది వాడి సొంత తెలివి అనుకోకండి. దాని పేరు లాస్కర్ డిఫెన్స్. ఇమాన్యుయెల్ లాస్కర్, 1894 నుంచి 1921 దాకా ఇరవై ఏడేళ్లు వరల్డ్ ఛాంపియన్. ఆయన పద్ధతేమిటంటే, గాంబిట్ బంటుని తీసుకోవాలి, కానీ దాన్ని దాచుకోవాలని చూడకూడదు. దాడి మొదలయ్యే సమయానికి తిరిగిచ్చేసి, ప్రశాంతమైన ఎండ్‌గేమ్‌లోకి (పావులు తగ్గిన చివరి దశలోకి) దిగిపోవాలి. డీ6, తర్వాత బిషప్ బీ6, అంతే. మీలాంటి దాడి ప్రియులకి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. అందుకే పంతొమ్మిదో శతాబ్దంలో అంత ఊగిపోయిన ఎవాన్స్ గాంబిట్, ఈ డిఫెన్స్ తర్వాత పెద్ద టోర్నమెంట్లలో బాగా తగ్గిపోయింది.

మీ భాషలోనే చెప్తాను. రైతు అడ్వాన్సు తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టాడు. మీరు లెక్కపెట్టుకుని, సరిపోయిందని సంబరపడి, రసీదు రాసిచ్చేశారు. ఇక వాడు ఏ కొట్టుకైనా వెళ్తాడు. క్వీన్లు మార్చుకోవడం అంటే ఆ రసీదు. క్వీన్లు పోయాక మీకు మిగిలిందేమిటి? ఏ2, సీ3లో రెండు అనాథ బంట్లు. క్వీన్లు బోర్డు మీద ఉన్నంతసేపు ఆ బంట్లు ఎవరికీ కనపడవు, అవి పోగానే అవే కనపడతాయి.

తొమ్మిదో ఎత్తులో మంత్రిని కొట్టకుండా, మీ మంత్రిని బీ3కి తీసుకెళ్లాల్సింది. సీ4 బిషప్, బీ3 క్వీన్ రెండూ కలిసి ఎఫ్7 మీద చూస్తాయి. వాడు క్వీన్‌ని ఎఫ్6కి తెచ్చి కాపాడుకుంటాడు, మీరు బిషప్ జీ5 అంటారు, క్వీన్ జీ6కి వెళ్తుంది. ఆట సమానంగానే ఉంటుంది, కానీ అది మీ ఆట. పదిహేను నిమిషాల గడియారం మీద అది ఆ పిల్లాడికే కష్టం.

ఇంకా మంచిది, అసలు అక్కడిదాకా వెళ్లనివ్వకపోవడం. ఆరో ఎత్తులో కోట కట్టకండి, ముందు డీ4 తోయండి. వాడు డీ6 అంటే అప్పుడు కూడా కోట కట్టకండి, కడితే మళ్లీ అదే బీ6 గోతిలో పడతారు. ఏడో ఎత్తులో వెంటనే క్వీన్ బీ3. మీ క్వీన్ డీ1లో లేదు కాబట్టి ఇక ఆ మార్పిడి అనే మాటే రాదు. ఎఫ్7 కాపాడుకోవడానికి వాడికి సరైన ఎత్తు క్వీన్ డీ7 ఒక్కటే. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, సొంత బిషప్‌కే అడ్డం. పిల్లలు చాలామంది అందంగా ఉందని క్వీన్ ఈ7 పెడతారు. పెడితే మీకు పండగే: డీ5 తోయండి. సీ6 గుర్రం డీ4కి దూకుతుంది, మీ గుర్రంతో కొట్టండి, వాడు ఈ5 బంటుతో తిరిగి కొడతాడు, అప్పుడు క్వీన్ ఏ4, చెక్. అదే క్వీన్ ఏ5 బిషప్ మీద కూడా ఉంది. పావు వచ్చేసినట్టే. గుర్రం డీ4కి కాక డీ8కో బీ8కో వెనక్కి పోయినా అదే క్వీన్ ఏ4 చెక్ ఉంది.

బోర్డు పెట్టుకుని ఒకటికి పదిసార్లు ఆడి చూడండి. చదివితే రాదు.

పటమట అమ్మ:

మాస్టారు చెప్పింది నిజం. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, దానికి కోచింగులో మూడో నెలలోనే నేర్పారు ఇది. బీ4 చూడగానే "అమ్మా, కెప్టెన్ అంకుల్ ఓపెనింగ్" అంటుంది. ఎవాన్స్ అనే ఆయన ఓడ కెప్టెన్ అట కదా, క్లాసులో కథలా చెప్పారట.

గుమస్తా గారూ, మీరు బాధపడకండి. బయట కూర్చునే మాకు తెలుసు, ఈ పిల్లలు ఎలా తయారవుతున్నారో. పొద్దున ఐదున్నరకి లేచి ఫోన్లో పజిల్స్, బడి, సాయంత్రం కోచింగు, రాత్రి మళ్లీ ఆన్‌లైన్ ఆటలు. బెజవాడ, గుంటూర్లలో హంపి గారి పేరు చెప్పి పిల్లల్ని బోర్డు ముందు కూర్చోబెట్టని ఇల్లుందా? ఆవిడ 2019లో ఒకసారి, 2024లో మళ్లీ వరల్డ్ రాపిడ్ గెలిచారు. రెండోసారి గెలిచిన మర్నాడు మా అపార్టుమెంటులో ముగ్గురు పిల్లలకి కొత్త బోర్డులొచ్చాయి. అందులో రెండు ఇప్పుడు అటక మీదున్నాయి, అది వేరే సంగతి.

ఒక చిన్న మాట. పిల్లలు ఎత్తు వేగంగా వేశారని మీరు కూడా వేగంగా వెయ్యకండి. మా అమ్మాయి చెప్పింది, "పెద్దవాళ్లు మేం ఫాస్ట్‌గా ఆడితే టెన్షన్ పడి ఫాస్ట్‌గా ఆడేస్తారమ్మా" అని. మీ గడియారంలో అప్పుడెంత టైముందో చూసుకున్నారా?

గుంటూరు గుమస్తా:

అమ్మా, దాచి లాభం లేదు. తొమ్మిదో ఎత్తు దగ్గర నాకు పన్నెండు నిమిషాల పైనే ఉంది. మంత్రిని కొట్టడానికి తీసుకున్నది మహా అయితే పది సెకన్లు. వాడు జంతిక నమిలి మింగే లోపు కొట్టేశాను. మీ అమ్మాయికి నా దండం చెప్పండి.

మాస్టారూ, రసీదు మాట గుచ్చుకుంది. మా సేటు చూస్తే ఏమంటాడో. ఇరవై ఏళ్లుగా యార్డులో అడ్వాన్సు వెనక్కి తెచ్చిన రైతుని నేను ఎప్పుడూ వెంటనే వదిలింది లేదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, "ఏమైంది బాబాయ్, ధర నచ్చలేదా, ఇంకో కొట్టోళ్లు ఏమైనా అన్నారా" అని అడిగి, సగం సార్లు ఆ డబ్బు ఆయన జేబులోనే పెట్టి పంపించాను. బోర్డు మీద మాత్రం పది సెకన్లలో రసీదు!

రాత్రి బోర్డు పెట్టి మీరు చెప్పిన వరస ఆడాను. మంత్రి ఈ7 పెడితే డీ5, ఆ ఏ4 చెక్ దగ్గర మా ఆవిడ వచ్చి "ఎవరితో మాట్లాడుతున్నారు" అంది. నేనే "అయ్యిందిరా నీ పని" అని పైకి అన్నానట.

లండన్ సిస్టమ్ అభిమాని:

అన్నా, నాది అరండల్‌పేట. నేనొక మాట చెప్తా, కోప్పడొద్దు. అసలు బంటు ఊరికే ఇచ్చేదెందుకు? ఇంజిన్‌లో (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాంలో) పెట్టి చూడు, బీ4 తోయగానే తెల్లవాళ్లకి మొదటినుంచీ ఉండే కాస్త ఆధిక్యం కూడా ఆవిరైపోతుంది. ఇవన్నీ టోపీలు పెట్టుకుని, చుట్ట తాగుతూ ఆడిన కాలం నాటివి. అమెరికా ఆటగాడు ఫిషర్ 1961లోనే, ఇలాగే బంటు ఇచ్చే కింగ్స్ గాంబిట్ పనైపోయిందని వ్యాసం రాసేశాడు. నాలాగా డీ4, బిషప్ ఎఫ్4, ఈ3, సీ3 పెట్టుకో. ఎవరు ఏం ఆడినా అవే ఎత్తులు. నిద్ర చాలకపోయినా ఆడొచ్చు. నాకు రెండేళ్లలో 160 పాయింట్లు పెరిగింది.

మొగల్రాజపురం మాస్టారు:

తమ్ముడూ, నిద్రపోతూ ఆడొచ్చు, చూసేవాళ్లు కూడా నిద్రపోవచ్చు.

ఫిషర్ సంగతి సగమే చెప్పావు. ఆ వ్యాసం రాసిన రెండేళ్లకి ఆయనే కింగ్స్ గాంబిట్ ఆడాడు, బిషప్‌ని సీ4కి తెచ్చే రకం. ఆయన ముందు ఆ వ్యాసం రాసిన కారణం కూడా 1960లో మార్ డెల్ ప్లాటాలో అదే గాంబిట్‌లో స్పాస్కీ చేతిలో ఓడిపోవడం. దెబ్బ తిన్నవాడే ఎక్కువ తిడతాడు.

ఎవాన్స్‌ది ఇంకా పెద్ద వంశం. పటమట అమ్మగారు చెప్పిన కెప్టెన్ విలియం డేవిస్ ఎవాన్స్ వేల్స్ మనిషి, ఓడ మీద ఉద్యోగం, 1820లలో దీన్ని కనిపెట్టాడు. 1852లో బెర్లిన్‌లో ఆండర్సన్, డుఫ్రేన్ మీద ఆడి గెలిచిన ఆటని ఇవాళ్టికీ ఎవర్‌గ్రీన్ అంటారు, అది ఎవాన్సే. రష్యా చిగోరిన్ దీంతోనే హవానాలో 1889లో ఒకసారి, 1892లో ఒకసారి వరల్డ్ ఛాంపియన్ స్టెయినిట్జ్ మీదకి వెళ్లాడు. స్టెయినిట్జ్ మహా మొండివాడు, బంటు తిన్నాక దాన్ని తిరిగివ్వడు, రాజు నడిరోడ్డున నిలబడ్డా సరే. రెండు మ్యాచ్‌లూ ఆయనే నెగ్గాడనుకోండి, కానీ చిగోరిన్ చేతిలో కొన్ని దెబ్బలు ఘోరంగా తిన్నాడు.

ఇక పాతకాలం అన్నావు కాబట్టి: 1995, రీగా, తాల్ పేరు మీద జరిగిన టోర్నమెంటు. కాస్పరోవ్ తెల్లపావులు, ఎదురుగా మన ఆనంద్. ఎవాన్స్ గాంబిట్! ఆనంద్ బిషప్‌ని ఏ5కి కాక ఈ7కి లాగాడు, గుర్రాన్ని ఏ5కి పంపి సీ4 బిషప్ మీదకి వచ్చాడు. అందరూ అక్కడ ఈ5 బంటు తినేస్తారు. కాస్పరోవ్ తినలేదు. బిషప్‌ని నెమ్మదిగా ఈ2కి వెనక్కి తీసుకున్నాడు. బంటు అప్పులోనే ఉన్నాడు, దాడి మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇరవై ఐదో ఎత్తుకి ఆనంద్ ఆట వదిలేశాడు. అదే ఏడాది న్యూయార్క్‌లో వరల్డ్ టైటిల్ కోసం తలపడిన ఇద్దరు వీళ్లు.

గాంబిట్ అన్న మాటే ఇటాలియన్ నుంచి వచ్చింది, కాలు అడ్డం పెట్టి పడేయడం అని. స్పెయిన్ మతగురువు రూయ్ లోపెజ్ 1561లో చదరంగానికి తెచ్చాడు ఆ మాటని. మన గుమస్తా గారు కాలు అడ్డం పెట్టారు, పిల్లాడు గెంతి దాటేశాడు. తర్వాతిసారి ఎత్తుగా పెడితే సరి.

లండన్ సిస్టమ్ అభిమాని:

మాస్టారూ, దండాలు. కానీ కాస్పరోవ్ ఆడాడని మనం ఆడితే ఎట్లా? ఆయన బంటు ఇస్తే గాంబిట్ అంటారు, నేనిస్తే మా ఇంట్లో "చూసుకోలేదా" అంటారు.

గుంటూరు గుమస్తా:

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. మొన్న ఆదివారం మా గుంటూరులోనే, బ్రాడీపేటలో చిన్న టోర్నమెంటు. బస్సెక్కే పనిలేదు, నడిచే వెళ్లా. ఈ మూడు వారాలూ మాస్టారు చెప్పిన వరస తప్ప ఇంకోటి చూడలేదు. ఆరులో డీ4, ఏడులో మంత్రి బీ3. మంత్రి ఈ7 వస్తే డీ5, ఏ4 చెక్. స్నానం చేస్తూ కూడా అదే. యార్డు తెరిచారు కాబట్టి కాటా దగ్గర కూడా అదే. ఒకసారి తేజ రకం టిక్కీలు ఇరవై నాలుగైతే చీటీ మీద డీ5 అని రాశాను. హమాలీ చదివి "ఇదేం రకం మిర్చి అయ్యగారూ" అన్నాడు.

మూడో రౌండులో తెల్లపావులు వచ్చాయి. ఎదురుగా రెండు జడల పాప, పన్నెండేళ్లుంటాయి. బీ4 అన్నాను, తింది. సీ3 అన్నాను. పాప ఒంటెని పట్టుకుంది. ఏ5, ఏ5 అని లోపల జపం చేస్తున్నా. ఈ7లో పెట్టింది.

మూడు వారాల చదువు కృష్ణలో కలిసింది.

ఈసారి మాత్రం పటమట అమ్మగారి మాట గుర్తుంచుకుని చేతులు తొడల కింద పెట్టుకు కూర్చున్నా. డీ4 తోశాను. పాప గుర్రాన్ని ఏ5కి పంపింది, నా సీ4 ఒంటె మీదకి. అప్పుడు మాస్టారు చెప్పిన కాస్పరోవ్ కథ గుర్తొచ్చింది. ఎత్తులు గుర్తులేవు, కథ గుర్తుంది: ఈ5 బంటు తినలేదు, ఒంటెని ఈ2కి తీసుకున్నాడు. నేనూ అదే చేశాను. నాలుగు నిమిషాలు పట్టింది, కానీ చేశాను.

పాప డీ6 పెట్టి ఈ5 బంటుని కాసింది. చూస్తే ఏ4 గడి! మంత్రి అక్కడికి వస్తే రాజుకి చెక్, అదే చూపులో ఏ5 గుర్రం. మూడు వారాలు కలవరించిన ఎత్తు ఎదురుగా ఉంటే ఆగుతానా? మంత్రి ఏ4, చెక్. పైకి అనలేదుగానీ పెదవులు కదిలే ఉంటాయి.

పాప సీ6 తోసింది. చెక్ ఆగింది. సరే, గుర్రం తిందామని చెయ్యి చాపి ఆగాను. సీ7 ఖాళీ అయ్యేసరికి డీ8లో ఉన్న మంత్రి కళ్లు తెరిచింది. సీ7, బీ6, ఏ5: ఆ ఏటవాలు దారంతా తెరుచుకుంది. గుర్రానికి కాపలా ఉంది. మాస్టారు చెప్పిన దాంట్లో మంత్రి అప్పటికే ఈ7కి జరిగిపోయి ఉంటుంది కాబట్టి ఏ5కి దిక్కులేదు. ఇక్కడ ఇంకా పుట్టింట్లోనే ఉంది. ఆ తేడా నాకు స్నానాల గదిలో ఒక్కసారి కూడా తట్టలేదు.

తర్వాత డీ4తో ఈ5 కొట్టాను, డీ6తో తిరిగి కొట్టింది, నా గుర్రం ఈ5ని తింది. బంట్లు సమానం. తినేముందు ఒక నిమిషం భయమేసింది, మళ్లీ రసీదు రాసిస్తున్నానా అని. మంత్రులు రెండూ బోర్డు మీదే ఉన్నాయి కదా అని ధైర్యం చేశాను. ఆ పైన అటూ ఇటూ లాక్కుని, నలభై నాలుగో ఎత్తులో అదే అదే తిప్పుతూ డ్రా అయింది. చివర్లో నా దగ్గర తొమ్మిది సెకన్లు, పాప దగ్గర పదకొండు. మొత్తం ఆరు రౌండ్లకి మూడున్నర.

మాస్టారూ, ఆ పదో ఎత్తులో ఈ5 తినడం సరైనదేనా?

మొగల్రాజపురం మాస్టారు:

సరైనదే. కళ్లు మూసుకుని తినండి. అది రసీదు కాదు, మీ క్వీన్ ఏ4లో ఉంది, వాళ్ల గుర్రం ఏ5లో గోడ పక్కన ఇరుక్కుంది, మీరు కోట కట్టుకుని రూక్‌ని డీ1కి తెస్తే ఆట మీది. ఆ నలభై నాలుగు ఎత్తులు కాటా చీటీల వెనక రాసే ఉంటారు. పన్నెండో ఎత్తు నుంచి ఇరవై దాకా ఇక్కడ పెట్టండి, ఎక్కడ వదిలేశారో చూద్దాం.

గుంటూరు గుమస్తా:

చీటీ దొరకడం లేదు మాస్టారూ. హమాలీ టిక్కీకి కుట్టేసినట్టున్నాడు. రేపు గోడౌన్‌లో వెతికి పెడతాను.